పల్లెను విడదీయని దొర: జాన్ ఎవరెట్ క్లౌ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. గాంధీ గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి ఇలాంటి సంచికల్లో చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. పూర్వ విద్యార్థులమైన మేము ఈసారి మన ప్రాంతపు దుమ్ములో నలభై ఏళ్ళు తిరిగిన ఒక అమెరికా మనిషిని ఎంచుకున్నాం. మనలో చాలామంది తాతల తాతలకు ఆయన ముఖం తెలుసు. మనకు పేరు కూడా సరిగ్గా తెలియదు.

మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, ఉంటారు. క్రైస్తవులకే చెందిన కథ కదా అని మిగిలినవారు పేజీ తిప్పేయవద్దని మనవి. ఒక నమ్మకం పట్టుకున్న పేదవాడు ఒంటరిగా ఉంటే ఏమవుతాడు, తనలాంటి నలుగురితో కలిసి బతికితే ఏమవుతాడు అన్నదే క్లౌ గారి జీవితంలో మాకు కనిపించిన ముఖ్యమైన సంగతి. అది అందరికీ పనికొచ్చేదే.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కుటుంబం బతుకుతెరువు వెతుక్కుంటూ పడమటి వైపు, ఇల్లినాయిస్, ఆ తర్వాత అయోవా ప్రాంతాలకు వలస వెళ్ళింది. కుర్రవాడిగా ఆయన మిన్నెసోటా అడవుల్లో సర్వే బృందంతో కలిసి గొలుసు పట్టుకుని భూములు కొలిచారు. ఈ సర్వే పని ఇరవై ఏళ్ళ తర్వాత మన కోస్తాలో కొన్ని వేలమంది ప్రాణాలు నిలబెడుతుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు. అది తర్వాత చెబుతాం. చదువు ఆలస్యంగా, కష్టపడి, పని చేసుకుంటూ సాగింది. హేరియెట్ గారిని పెళ్ళి చేసుకున్నారు. 1864 నవంబరులో భార్యాభర్తలు బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు.

ఆయన చేరిన తెలుగు మిషన్‌కు అప్పటికి ఏమంత మంచి పేరు లేదు. శామ్యూల్ డే అనే ఆయన 1836లో తెలుగునాట అడుగుపెట్టి మొదలుపెట్టిన ఆ పని ముప్ఫై ఏళ్ళయినా నెల్లూరు దాటి పెద్దగా సాగలేదు. ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. పటంలో ఆ మిషన్ గుర్తు ఒక్కటే చుక్క కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరు కూడా పడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసింది ఐదుగురే: లైమన్ జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువాళ్ళు. ఆ కొండ గురించి చెప్పేటప్పుడు దొరల పేర్లే చెప్పి ఊరుకునే అలవాటు ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

క్లౌ గారు కొంతకాలం నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురం మార్చారు. అప్పట్లో ఒంగోలు, మన దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది. అంటే మన హాస్టల్లో ఒక గదిలో పట్టేంతమంది.

ఇక్కడ ఈ కథలోకి ఇంకొక పెద్దమనిషి రావాలి. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య గారు. పుస్తకాల్లో దొరకు గారు తగిలించి, పేరయ్య గారిని ఏకవచనంలో పిలవడం మాకు నచ్చలేదు. మేము ఇద్దరినీ గారు అనే అంటాం. పేరయ్య గారిది ఒంగోలుకు పడమరగా దాదాపు 40 మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు. మాదిగ కులంలో పుట్టారు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు దాకా తిరిగిన మనిషి. అక్షరం రాకపోయినా రాజయోగ సాధన చేసి, తన చుట్టూ నలుగురు శిష్యులున్న గురువు. ఆయన తోళ్ళ కోసం ఉత్తరాదికి వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల బోధ విన్నారు. ఒంగోలుకు కూడా ఒక మిషనరీ వస్తున్నాడని తెలుసుకుని వెతుక్కుంటూ వచ్చారు. 1866లో ఆయనకూ ఆయన భార్య నాగమ్మ గారికీ జ్యూవెట్ గారు బాప్తిస్మం ఇచ్చారు.

ఇల్లు చేరాక పేరయ్య గారు ఆ సంగతిని తన గుండెల్లో దాచుకుని కూర్చోలేదు. బంధువుల పల్లెలు తిరిగారు. 1867 జనవరిలో క్లౌ గారిని తాళ్ళకొండపాడు పిలిపించారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడా మగా కొన్ని రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకుని వచ్చి చెట్ల కింద బస చేశారు. ఐదు రోజులు అక్కడే వండుకున్నారు, విన్నారు, అడిగారు, పాడుకున్నారు. చివరికి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఐదు రోజులు క్లౌ గారికి పెద్ద చదువు అని మా అభిప్రాయం. అమెరికాలో ఆయన చూసిన పద్ధతిలో ఒక్కొక్క మనిషి తన మనసులో తాను తేల్చుకుని సంఘంలో చేరతాడు. ఇక్కడ అలా కాదు. అన్నదమ్ములు, వియ్యంకులు, ఒక పల్లె పెద్దలు కూర్చుని మాట్లాడుకుని కలిసి వచ్చారు. కలిసి వచ్చినవాళ్ళు కలిసే ఉంటారని ఆయనకు అర్థమైంది.

ఆ వెంటనే ఒక పరీక్ష ఎదురైంది. ఒంగోలు ఊళ్ళో పై కులాలవారు కొందరు ఆయన మాటలు వింటూ ఉన్నారు. వారి పిల్లలు బడికి వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వాళ్ళు తేల్చి చెప్పారు. చదువు, డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళు ఒక వైపు, చెప్పులు కుట్టేవాళ్ళు మరో వైపు. ఏ దారీ తోచక క్లౌ గారు తన గదిలో బైబిలు తెరిచారట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటపడింది. లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. ఆ సంగతి తెలియకుండానే హేరియెట్ గారు మరో గదిలో అదే పుట చదివి వచ్చారని వారి చరిత్రలో ఉంది. నమ్మేవారు నమ్మవచ్చు, యాదృచ్ఛికం అనుకునేవారు అనుకోవచ్చు. నిర్ణయం మాత్రం జరిగిపోయింది. తలుపు మాదిగలకు తెరిచారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

ఇక వచ్చినవారిని ఎక్కడ ఉంచాలి? ఆ కాలంలో చాలా మిషన్లలో ఒక పద్ధతి ఉండేది. బాప్తిస్మం తీసుకున్న మనిషిని కులంవాళ్ళు వెలివేస్తారు. అతన్ని తీసుకొచ్చి మిషన్ కాంపౌండులో పెట్టి, దొర బంగళాలో ఏదో పని చూపించి, అక్కడే కాపాడేవారు. మనిషికి తిండి దొరికేది. కానీ అతను తన పల్లెకు పరాయివాడైపోయేవాడు, జీవితాంతం దొర మీద ఆధారపడేవాడు. క్లౌ గారు ఆ పని చేయలేదు. ఎవరి పల్లెలో వాళ్ళు, ఎవరి గుడిసెలో వాళ్ళు, ఎవరి పనిలో వాళ్ళు ఉండండి, కానీ అందరూ కలిసి ఉండండి అన్న పద్ధతి పెట్టారు. పల్లె పెద్దలను తీసేయలేదు. పంచాయితీని కాదనలేదు. తగవులొస్తే ఐదుగురు పెద్దలు కూర్చుని తీర్చుకునే పాత ఏర్పాటునే సంఘానికి కూడా వాడుకున్నారు.

చేరేవాళ్ళకు ఆయన పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలు. మన పాత ఊళ్ళ సంగతి తెలిసినవారికి వీటి బరువు తెలుస్తుంది. మాదిగవాడు ఊరికి వెట్టి మనిషి. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చాలి. అమ్మవారి జాతరకు డప్పు కొట్టాలి. కోతల రోజుల్లో ఆదివారం లేదు, సోమవారం లేదు. ఇవి మానేస్తామంటే ఊరి పెద్దలకు కోపం రాకుండా ఉంటుందా? కొట్టారు. దొంగ కేసులు పెట్టారు. పనులు ఇవ్వలేదు, నీళ్ళు బంద్ చేశారు.

ఇలాంటి చోట ఒక్కడు ఎదురు నిలిస్తే సాయంత్రానికల్లా వీపు పగిలి, కాళ్ళు పట్టుకోవాల్సిందే. పల్లె పల్లెంతా ఒక్క మాట మీద నిలిస్తే కథ వేరు. కపిల తోలడానికి తోలు బాన ఎవరు కుడతారు? ఎడ్లకు వార్లు, రైతుకు చెప్పులు ఎవరిస్తారు? కోతకు ఎవరొస్తారు? పల్లెకు ఊరు ఎంత అవసరమో ఊరికి పల్లె కూడా అంతే అవసరం. కొన్నాళ్ళు పస్తులున్నా, ఉన్న గంజి పంచుకుని తాగి, పల్లెలు నిలిచాయి. క్లౌ గారు గుర్రమెక్కి వచ్చి ఊరి పెద్దలతో మాట్లాడటం, అధికారులకు రాయడం చేసేవారు, నిజమే. కానీ దొర వచ్చేలోపు ఆ రాత్రులు గడిపింది పల్లెలోని మనుషులే. తోటివాడు కూడా మోకాళ్ళ మీద ఉన్నాడని తెలిసిన మనిషికి ధైర్యం ఎక్కడినుంచో వస్తుంది.

సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నూనె దీపం దగ్గర చేరేవారు. పంతులు గారు చదివితే మిగిలినవారు విని కంఠతా పట్టేవారు. చదువు రాని పల్లెలో ఒక్కడు చదివితే అందరూ చదివినట్టే. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన, రెంటికీ ఒకటే తాటాకు పాక. తెలుగు క్రైస్తవ సంఘాల్లో తల్లులు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి సంఘం కోసం వేరే కుండలో వేసే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. ఎవరి పిడికెడు ఎంతన్నది ఎవరూ అడగరు. ప్రభు భోజనం రోజున ఒకే రొట్టె, ఒకే పాత్ర. అంటరానితనం పాటించే ఊళ్ళో ఒకే పాత్ర ముట్టడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మూడు నెలలకొకసారి బోధకులందరూ ఒంగోలు రావాలి. యాభై, అరవై మైళ్ళ నుంచి కూడా నడిచి వచ్చేవారు. కొన్ని రోజులు కలిసి ఉండి, వండుకుని, ఏ పల్లెలో ఏం జరిగిందో ఒకరి తర్వాత ఒకరు చెప్పేవారు. ఒకరి కష్టం విని మరొకరు సలహా ఇచ్చేవారు. క్లౌ గారి పని అంతటికీ ఆయువుపట్టు ఈ మూడు నెలల కూటాలే అని మాకు అనిపిస్తుంది. పల్లెలో ఒంటరిగా పనిచేసే పంతులు తాను ఒంటరి కాదని ఇక్కడ తెలుసుకుని వెళ్ళేవాడు.

1872లో ఆరోగ్యం కోసం అమెరికా వెళ్ళి, రామాయపట్నంలోని బోధకుల పాఠశాలకు 50,000 డాలర్ల నిధి కూడబెట్టి 1874లో తిరిగి వచ్చారు. ఆ వెనుకనే కరువు వచ్చింది.

పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువు అది. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. వానలు లేవు, జొన్న లేదు, పశువులు పోయాయి, వెనకే కలరా. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. కానీ కాంట్రాక్టర్ల దగ్గర మాదిగలకు కూలి సరిగా దక్కడం లేదు, తిట్లూ దెబ్బలూ దక్కుతున్నాయి. అప్పుడు క్లౌ గారికి తన పాత సర్వే చదువు పనికొచ్చింది. మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం తానే కాంట్రాక్టుకు తీసుకుని రాజుపాలెం దగ్గర శిబిరం వేశారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. క్రైస్తవులు, క్రైస్తవులు కానివారు, ఏ కులంవారైనా వచ్చి తవ్వి, కూలి తీసుకున్నారు. పగలు గడ్డపార, తట్ట. మధ్యాహ్నం ఎండకు ఆగినప్పుడు, రాత్రి అన్నం తిన్నాక, మేస్త్రీ చుట్టూ చేరి కబుర్లు, బోధ, పాటలు. వేలాది మంది కొన్ని నెలలపాటు అలా ఒకేచోట బతికారు.

కరువులో అన్నం పెట్టి మతం మార్చారన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని దాచిపెట్టకుండా చూద్దాం. క్లౌ గారికి కూడా ఆ భయం ఉంది. అందుకే 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, సుమారు 15 నెలలు, ఎంతమంది అడిగినా ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సాయం పూర్తిగా ఆపేశాక, ఇక పంచడానికి ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండని చెప్పారు. అయినా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరంగా 10 మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర పల్లె వెంట పల్లె వచ్చి కూర్చుంది. మాకు డబ్బు వద్దు, చేర్చుకోమని అడిగారు. ప్రతి పల్లె గుంపుతో ఆ పల్లె పంతులు ఉన్నాడు. ఎవరు మాట మీద నిలిచే మనిషో అతనికి తెలుసు. తెలియనివారిని ఆగమన్నారు.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. జూలై 3న నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రం దాకా ఆ పని చేశారు. కరువుకు ముందు మూడు వేల పైచిలుకు ఉన్న సంఘ సభ్యులు ఆ సంవత్సరాంతానికి 12,000 దాటారు. పన్నెండేళ్ళ కింద 8 మంది ఉన్న సంఘం, అప్పటి ప్రపంచంలోని బాప్టిస్టు సంఘాలన్నింటిలోకీ పెద్దదని పేరు తెచ్చుకుంది.

క్లౌ గారిని పొగడటమే మా ఉద్దేశమైతే ఇక్కడితో ఆపేసేవాళ్ళం. ఆయన పద్ధతిలో ఒక లోటు కూడా ఉంది. ఆ సంఘాల్లో అత్యధికులు మాదిగలే. పల్లెను పల్లెగానే ఉంచడం వల్ల ఆ పల్లెకు బలం వచ్చింది. కానీ పక్కనే ఉన్న మాలపల్లెకూ దానికీ మధ్య గోడ అలాగే ఉండిపోయింది. ఒకే దేవుడు, ఒకే పుస్తకం, కానీ వేర్వేరు గుడులు, వేర్వేరు శ్మశానాలు. పక్క జిల్లాల్లో వేరే మిషన్ల కింద మాలలు ఎక్కువగా చేరారు. ఆ గోడకు మిషన్ పేర్లు కూడా తోడయ్యాయి. కలిసి బతకడం అంటే మనవాళ్ళతో మనం కలిసి ఉండటం మాత్రమేనా? ఈ ప్రశ్నకు క్లౌ గారి కాలంలో పూర్తి జవాబు రాలేదు. ఒకే వరుసలో పళ్ళేలు పట్టుకుని, ఒకే డేక్సాలో పప్పుచారు పోయించుకుని, పక్కపక్కనే చాపలు పరుచుకుని పడుకున్న మనం దీని గురించి ఆలోచించాల్సినవాళ్ళం. మనలో ఎంతమంది పెళ్ళిళ్ళకు ఎంతమంది పాత రూమ్మేట్లు కులం చూడకుండా వచ్చి, పంక్తిలో కూర్చుని తిన్నారో లెక్క వేసుకుంటే బాగుంటుంది.

క్లౌ గారి కాలంలోనే ఒంగోలు మిషన్ ఆవరణలో పల్లెల పిల్లలకు బోర్డింగ్ బడులు నడిచాయి. అంతకుముందే హేరియెట్ గారు పల్లెల నుంచి వచ్చిన బోధకులకూ వారి భార్యలకూ కొన్ని నెలలు అక్కడే ఉంచి అక్షరాలు దిద్దించేవారు. 1880లో హైస్కూలు వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి పిల్లలు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి అక్కడ ఉండి చదువుకున్నారు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకు చాలా ముందే అంటరాని పిల్లలు ఒక కప్పు కింద ఉండి చదువుకున్న చోట్లలో అది ఒకటి. పల్లెకు పంతుళ్ళుగా, ఆ తర్వాత గుమాస్తాలుగా, నర్సులుగా తిరిగి వచ్చినవారు అలాంటి చోట్ల నుంచే వచ్చారు.

హేరియెట్ గారు 1893లో మరణించారు. మరుసటి సంవత్సరం క్లౌ గారు తోటి మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఈమెకు మనం ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. పేరయ్య గారి వంటి మాదిగ పెద్దల కథలను సేకరించి 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. చెప్పులు కుట్టేటప్పుడు చెప్పుకున్న కథలు అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. చదువు రానివాళ్ళకు చరిత్ర ఉండదనుకునే కాలంలో ఆ పని చేశారు. భర్త జ్ఞాపకాలను కూడా ఆయన చెబుతుంటే రాసి, ఆయన పోయాక 1914లో అచ్చు వేయించారు. దానికి పెట్టిన పేరు కూడా గమనించదగ్గది. తూర్పు దేశాల్లో సాంఘిక క్రైస్తవం అని అర్థం.

వృద్ధాప్యంలో ఆరోగ్యం చెడి క్లౌ గారు 1905లో ఒంగోలు బాధ్యతలు అప్పగించారు. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఒంగోలులో ఆయన పేరు మీద క్లౌ మెమోరియల్ ఆసుపత్రి వెలిసింది.

వేసవి సెలవుల్లో ఒంగోలు వెళ్ళే తమ్ముళ్ళు వీలుంటే ఆ ఐదుగురు ప్రార్థన చేసిన కొండ ఎక్కి చూడండి. జ్యూవెట్ గారి పేరు మీద ఉన్న బాప్టిస్టు చర్చి ఊళ్ళోనే ఉంది. అక్కడి నుంచి గుంటూరు వైపు వెళితే వెల్లంపల్లి వస్తుంది. గుండ్లకమ్మ ఒడ్డు దాకా వెళ్ళాలంటే రోడ్డు దిగి నడవాలి. ఒక్కరే వెళ్ళకుండా నలుగురు కలిసి వెళ్ళండి, టిఫిన్ క్యారియర్ మరచిపోకండి, ఆ దారిలో నీడ తక్కువ.